ఉప్పులో చెవి

చచ్చిపోయిందని సర్కారు కాగితాల్లోకి ఎక్కిన బొల్లి గేదె, గాలివాన వెళ్ళిన పద్దెనిమిదో రోజు పొద్దున్నే తన కాళ్ళమీద తాను దిబ్బపేటకి నడిచివచ్చిందని కిందటి వారం చెప్పుకున్నాం. వచ్చి, కూలిన పాక ముందు తన కట్టుగొయ్య ఉండే చోట నిలబడింది. కట్టుగొయ్య ఎప్పుడో కొట్టుకుపోయింది. ఎలీసబెతు సంతోషం పట్టలేక దాని మెడ చుట్టూ చేతులు వేసింది. అప్పుడు చూసింది. గేదెకి ఎడమ చెవి లేదు. మొదలంటా కోసేసి ఉంది.

ఆమె కేక పెట్టలేదు. మొగుణ్ణి లేపలేదు. గేదెని తోలుకుపోయి, కప్పు ఎగిరిపోయి, వెనక గోడ కూలిన ప్రార్థన మందిరంలో కట్టేసి, గుమ్మానికి తాటాకు తడిక అడ్డం పెట్టింది.

చెవి అంటే మాటలు కాదు ఆ రోజుల్లో. గాలివానకి పశువులు పోయినవాళ్ళకి సర్కారు అత్యవసర సాయం ఇస్తోంది. ఆఫీసర్లు వచ్చి చూసేదాకా కళేబరాలు ఆగవు. జాడ్యాలు వస్తాయని ఎక్కడికక్కడ సున్నం చల్లి పూడ్చేశారు. అందుకని ఒక పద్ధతి పెట్టారు. కోతలయ్యాక ఊళ్ళ పశువులన్నీ సముద్రపు బీళ్ళలో కలిసి మేస్తాయి గనక దివిసీమలో ఇంటింటికీ ఒక చెవిగుర్తు ఉంది. ఒకరిది చిల్లు, ఒకరిది చీలిక, ఒకరిది అంచు గాటు. చచ్చిన పశువు చెవి కోసి ఉప్పులో వేసి తేవాలి. ఆ పశువుని మేపినవాడు, కళేబరం కళ్ళారా చూశాననీ, తన చేత్తోనే చెవి కోశాననీ కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. అంతే. సాయం చేతికొస్తుంది.

బొల్లి చెవికి జంట గాట్లు ఉండేవి. అది పంచాయతీ ప్రెసిడెంటు గోవర్ధనరావు గారి గుర్తు. గేదె ఆయనదే. నాలుగేళ్ళ కిందట పెయ్యదూడగా ఉన్నప్పుడు ఎలీసబెతు మొగుడు జకరయ్యకి పాలుకిచ్చాడు. అంటే మేపు జకరయ్యది, గేదె ప్రెసిడెంటుగారిది, పాడి చెరిసగం, తొలి ఈతలో పుట్టిన దూడ మాత్రం జకరయ్యది. ఆ దూడ గాలివానలో కొట్టుకుపోయింది. బొల్లీ పోయిందనే అందరూ అనుకున్నారు.

ఎలీసబెతు ఇంటికి తిరిగివచ్చి, కొబ్బరిమట్టల చాటున పడుకున్న మొగుణ్ణి తట్టింది.

“లెగు మావా.”

జకరయ్య లేచి కూచున్నాడు. గాలివాన వెళ్ళిన దగ్గర్నించీ ఆ మనిషికి నిద్రలోనూ అలసటే.

“బొల్లి చచ్చిందని నీకెవరు చెప్పారు?”

“పొద్దున్నే ఇప్పుడా మాటెందుకే?”

“చెప్పు.”

“ప్రెసిడెంటుగారు చెప్పారు. పెదకాలవ మొగలోకి కొట్టుకొచ్చిందంట.”

“నువ్వు చూశావా?”

“నేనెట్టా చూస్తాను? అప్పటికే పూడ్చేశారంట. చెవి ఆయనే తెచ్చారు. చూశాను. బొల్లి చెవే.”

“మరి కళేబరం చూశానని వేలిముద్ర ఎవరేశారు?”

జకరయ్య పక్కనున్న పుల్ల తీసుకుని నేలమీద గీతలు గీశాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆ పుల్ల గీతలు ఆమె చాలాసార్లు చూసింది. తప్పు చేసి చెప్పలేనప్పుడే గీస్తాడు.

“ఏం రాసుందో చదివించుకున్నావా?”

“ఎవరు చదువుతారే? కరణంగారి అరుగుమీద జనం తోసుకుంటున్నారు. మేపినవాడి ముద్ర లేకపోతే సాయం రాదన్నారు. నాకూ ఓ పాతిక ఇస్తామన్నారు. ఇచ్చారు గూడా.”

“ఆ పాతిక పాక కూలినందుకు సర్కారిచ్చిందన్నావు నాతో.”

“అన్నాను.”

“ఎన్ని కాగితాల మీద వేశావు?”

“ఒక్క గేదేగా.”

“గేదెలు కాదు. కాగితాలు.”

జకరయ్య పుల్ల కింద పెట్టి బొటనవేలు చూసుకున్నాడు. సిరా మరక ఎప్పుడో పోయింది. అయినా ఉందేమోనని రెండో చేత్తో రుద్దాడు.

“పదకొండు.”

“ఒక్క గేదెకి పదకొండు కాగితాలా?”

“కాపీలన్నారు. అవనిగడ్డకొకటి, బందరుకొకటి, హైదరాబాదుకొకటి...”

“హైదరాబాదు దాకా వెళ్ళినా మూడే. మిగతా ఎనిమిదీ ఎవరికి? పరలోకానికా?”

ఎలీసబెతు జకరయ్య చెయ్యి పట్టుకుని లేవదీసింది. ప్రార్థన మందిరానికి నడిపించుకుపోయి తడిక పక్కకి జరిపింది.

బొల్లి తల తిప్పి చూసింది. జకరయ్య పరుగెత్తుకెళ్ళి దాని డొక్కకి మొహం ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ దాని తల నిమరబోయాడు. చెయ్యి చెవి ఉండాల్సిన చోటికి పోయి ఆగిపోయింది. అక్కడే నేలమీద కూచున్నాడు.

“చూశావుగా. పసుపు రాశారు. వేపనూనె పట్టించారు,” అంది ఎలీసబెతు. “నీళ్ళలో పడి చచ్చిన గొడ్డుకి ఎవరన్నా పసుపు రాస్తారా? మెళ్ళో పలుపు చూడు. కొబ్బరితాడు. మన పలుపు కాదు. నమిలి తెంపుకొచ్చింది. పొదుగు చూడు.”

జకరయ్య చూశాడు. పొదుగు నిండి గట్టిగా ఉంది. పద్దెనిమిది రోజులు పిండకపోతే గేదె వట్టిపోవాలి. వట్టిపోలేదు. అంటే పొద్దునా సాయంత్రం ఎవరో పిండుకుంటున్నారు.

“బతికున్నదాన్ని పట్టుకుని కట్టేసి, చెవి కోసి, చచ్చిందని సాయం తీసుకుని, పాలు పిండుకుంటున్నారు మావా. ఇదొక్కటే అయితే ఒక కాగితంతో పోయేది. నువ్వు పదకొండేశావు. ఆయన దొడ్లోనో చేలోనో చెవుల్లేని గేదెలు ఇంకో పది ఉన్నాయి. ఆ పదీ నువ్వే మేపావు. ఆ పదింటి చెవులూ నువ్వే కోశావు.”

“నేనా?”

“కాగితం మీద.”

దొంగసాయం తీసుకున్నవాళ్ళని జైల్లో పెడతామని తలారి డప్పు వేసి చాటింపు చేసి వారం కాలేదు. ఆ డప్పు ఇప్పుడు జకరయ్య గుండెల్లో మోగుతోంది.

“తోలేద్దామే,” అన్నాడు చివరికి. “ఎటో తోలేద్దాం. మనం చూళ్ళేదు. రాలేదు.”

“తోలితే మళ్ళీ ఇక్కడికే వస్తుంది. దానికి మనిల్లే తెలుసు.”

బొల్లి వెనక కాళ్ళు ఎడం చేసి నిలబడి మూలిగింది. పొదుగు నొప్పి. జకరయ్య “వద్దే” అంటూనే ఉన్నాడు. ఎలీసబెతు చెంబు తీసుకుని కింద కూచుంది. పొదుగు నిండి పశువు బాధపడుతుంటే పాడి చేసిన ఏ ఆడదీ చూస్తూ ఊరుకోలేదు. ఆమె చెయ్యి తగలగానే గేదె పాలు చేపింది. చెంబు నిండింది. అంచు దాటి నురగ పొంగింది.

పిండిన పాలు ఎవరి కంటా పడకుండా పారబొయ్యాలి. ఆమెకి తెలుసు. పారబోద్దామనే మందిరం వెనక్కి నడిచింది. చేతులు రాలేదు. పేటలో గాలివాన తరవాత ఒక్క పాడిపశువు లేదు. పక్కింటి ప్రేమమ్మ కూతురు బాలింత. తిండి లేక పాలు పడటం లేదు. ఏడాదిన్నర వయసున్న పెద్ద పిల్లాడు గంజి తాగి తాగి కడుపు ఉబ్బిపోయి ఉన్నాడు. ఎలీసబెతు చెంబు కొంగు చాటున పెట్టుకుని ప్రేమమ్మ పాకలోకి వంగి దూరింది.

ప్రేమమ్మ చెంబులోకి చూసి కళ్ళు పెద్దవి చేసింది.

“ఎక్కడియ్యి వదినా?”

“అడక్కు. కాచి తాగించు.”

“అడక్కుండా తాగితే అరుగుతాయా?”

“అడిగితే అసలు దొరకవు.”

ప్రేమమ్మ పొయ్యి రాజేసింది. ఆ పొయ్యి మీద పాలు పొంగిన వాసనకి పేటలో నలుగురు గుమ్మాల్లోకి వచ్చి గాలి పీల్చుకున్నారు. అది ఎలీసబెతు గమనించలేదు.

పొద్దు రెండు బారలెక్కింది. కాలవగట్టు మీద ఎడ్ల మువ్వలు వినిపించాయి.

గోవర్ధనరావు గారి గూడుబండి. ఆయన ఎప్పుడూ పేటలో బండి దిగడు. బండిలో కూచునే పిలుస్తాడు, కూచునే చెబుతాడు, కూచునే వెళ్ళిపోతాడు. ఇవాళ దిగాడు. చలవ పంచె మడిచి పట్టుకుని, బురద తప్పించుకుంటూ వచ్చి, బోర్లించిన రోలు మీద కూచున్నాడు. జకరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏరా జకరయ్యా, పాక ఇంకా ఎత్తలేదేంట్రా? నీకూ తాటాకులు మోసి పెట్టాలా నేను?”

“ఎత్తుతామండి.”

“ఎత్తండి, ఎత్తండి. ఏమ్మా ఎలీసమ్మా, బియ్యం అందినాయా?”

“అందినాయండి,” అంది ఎలీసబెతు. కళ్ళు మందిరం వైపు పోకుండా బిగపట్టుకుంది.

“నాగాయలంకలో చిత్రం విన్నావురా?” అన్నాడు ప్రెసిడెంటు నవ్వుతూ. “ఒకడు ఒకే గేదె కుడి చెవి పొద్దున తెచ్చాడంట, ఎడమ చెవి సాయంత్రం తెచ్చాడంట. రెండు గేదెలు పోయినాయన్నాడు. గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే గేదె! వాడు తెలివిగలాడు గాని, గేదెకి నాలుగు చెవులుంటే బాగుండేదిరా వాడికి.”

జకరయ్య నవ్వబోయాడు. పెదవులు అటూ ఇటూ అయ్యాయి గాని నవ్వు కాలేదు.

“ఆ దెబ్బతో బందరు నించి స్పెషలాఫీసరొకడు దిగాడు. ఆనందరావంట. ఊరూరా తిరుగుతున్నాడు. కుర్రాడు. అన్నీ చూడాలంటాడు, అందరినీ అడగాలంటాడు. ఇవాళో రేపో మనకీ వస్తాడు. నిన్నేమన్నా అడిగితే కాగితంలో ఉన్నదే చెప్పు.”

“కాగితంలో ఏముందండి?” అంది ఎలీసబెతు.

గోవర్ధనరావు మొదటిసారి ఆమెని నిదానంగా చూశాడు.

అప్పుడే ప్రేమమ్మ మనవణ్ణి చంకనేసుకుని బయటికొచ్చింది. బండి చూడగానే వెనక్కి తిరగబోయింది గాని ఆలస్యమైపోయింది. పిల్లాడి పైపెదవి మీద తెల్లగా గీత ఉంది. చేతిలో ఇత్తడి గ్లాసు.

“ఏం తాగుతున్నాడే మనవడు?”

“పాలండి.”

“పేటలో పాడి లేదుగా.”

ప్రేమమ్మ తడబడలేదు. “డబ్బా పాలండి. మిషను దొరసాని పంచింది, పొడి. నీళ్ళలో కలుపుకోవడమే.”

“ఏదీ, ఇట్టా పట్రా.”

ప్రేమమ్మ రెండడుగులు ముందుకొచ్చి గ్లాసు వంచి చూపించింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు. మెడ చాచి లోపలికి చూశాడంతే.

“పొడిపాలకి మీగడ కడుతుందా ప్రేమమ్మా?”

ప్రేమమ్మ చంకలో పిల్లాణ్ణి గట్టిగా అదుముకుంది. వాడు ఏడుపు అందుకున్నాడు.

“లోపలికి పో,” అన్నాడాయన మెత్తగా. ప్రేమమ్మ పోయింది. గ్లాసులో పాలు దారంతా ఒలికాయి.

ఒలికిన పాల చారకేసి చూసింది ఎలీసబెతు. తను చేసిన పనే. తన చేత్తోనే పిండి, తన చేత్తోనే పంచింది.

గోవర్ధనరావు లేవలేదు. కోపం తెచ్చుకోలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరిచే మనిషి కాళ్ళు పట్టుకునే దారైనా ఉంటుంది. ఆయన చుట్ట తీసి, నింపాదిగా చివర కొరికి, ముట్టించాడు. పొగ వదిలి పేటంతా ఈ చివర నించి ఆ చివరికి చూశాడు.

“ఎన్నిళ్ళురా మీవి?”

“పన్నెండండి.”

“ఈ దిబ్బ ఎవరిదిరా?”

“తమదేనండి.”

“మా నాయన మీ నాయనలకి ఉండమని చెప్పాడు. నోటిమాట. కాగితం లేదు. నేను మీ మీద నమ్మకంతో కాగితం అడగలేదు, మీరు నా మీద నమ్మకంతో అడగలేదు. ఇప్పుడు పాకలన్నీ ఎట్టాగూ కూలినాయి. మళ్ళీ ఎత్తమంటే ఎత్తుతారు. వద్దంటే...” చుట్ట తిప్పి చూసుకున్నాడు. “పసిపిల్లలతో ఈ ఎండలో ఎటు పోతార్రా పన్నెండిళ్ళవాళ్ళు?”

జకరయ్య నేలమీదికి జారి ఆయన కాళ్ళదగ్గర కూచున్నాడు. “అయ్యగారండీ...”

“సాయంత్రం నా మనిషొస్తాడు. గుడివాడ సంతకి తోలతాడు. అక్కణ్ణించి ఇంకెటో పోతుంది. గేదె రాలేదు. మీరు చూళ్ళేదు. పిల్లాడు తాగింది డబ్బాపాలు. అంతే గదరా?”

“అంతేనండి.”

ఎలీసబెతు మాట్లాడకూడదని అనుకుంటూనే ఉంది. మాట దానంతటదే బయటికొచ్చింది.

“చెవెవరు కోశారండీ?”

“ఎవరి వేలిముద్ర ఉందో వాడే,” అన్నాడు గోవర్ధనరావు.

అని, లేచి వెళ్ళిపోలేదు. అదే చిత్రం. తాటాకుల ధర గురించి మాట్లాడాడు. ఉప్పునీళ్ళు ఎక్కిన చేలకి ఈ ఏడు ఏం నాటాలో మాట్లాడాడు. జకరయ్య తండ్రి ఎంత మంచివాడో, ఒక్కడే నాలుగు బస్తాలు ఎట్లా మోసేవాడో చెప్పుకొచ్చాడు. జకరయ్య ప్రతి మాటకీ తలూపాడు. ఎలీసబెతుకి ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఈ మనిషి ఎప్పుడు లేస్తాడా, ఎప్పుడు గేదె దగ్గరికి పోదామా అని ఆమె నిలబడ్డచోట నిలబడలేకపోయింది. కదిలితే ఆయన చూస్తాడు. ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఎంతసేపైందో. గట్టు మీద జీపు మోత వినబడింది.

గోవర్ధనరావు చుట్ట నేలకేసి నలిపాడు. కండువా సర్దుకుని లేచి ఎదురువెళ్ళాడు.

జీపులోంచి దిగిన ఆనందరావు నిజంగా కుర్రవాడే. ముప్ఫై దాటి ఉండవు. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. ఫ్యాంటు మోకాళ్ళ దాకా బురద. వెనకే బంట్రోతు రెండు చేతులతో ఒక పింగాణీ జాడీ మోసుకొచ్చి రోలు మీద పెట్టాడు. మూతకి గుడ్డ కట్టి, లక్క ముద్ర వేసి ఉంది.

“ప్రెసిడెంటుగారు ఇక్కడే ఉన్నారే! మీ ఇంటికి వెళ్ళొస్తున్నాను.”

“మా పేటవాళ్ళ కష్టం చూద్దామని వచ్చానండి. పాపం, కప్పుల్లేవు.”

ఆనందరావు కప్పుల్లేని పాకలన్నీ చూశాడు. తరవాత జాడీ ముద్ర తీయించాడు. ఉప్పు. ఉప్పులోంచి బంట్రోతు ఒక్కొక్కటే తీసి గోనె మీద వరసగా పెట్టాడు. ముడుచుకుపోయిన నల్లటి చెవులు. పదకొండు. అన్నిటికీ జంట గాట్లు.

పేట జనమంతా చేరారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

“జకరయ్య ఎవరు?”

జకరయ్య ముందుకొచ్చాడు.

“ఈ పదకొండు గేదెల్నీ మేపింది నువ్వేనా?”

“నేనేనండి.”

“ఎక్కడ?”

“ఇక్కడేనండి.”

ఆనందరావు ఆ చోటు చూశాడు. ఒక గేదె అడ్డంగా పడుకుంటే మనిషి దాటలేని చోటు. “పదకొండు గేదెల్ని ఇక్కడ కట్టేస్తే మీరెక్కడ పడుకునేవాళ్ళు? వాటిమీదా?”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

“చూడు జకరయ్యా. నిన్ను భయపెట్టడానికి రాలేదు. చచ్చిన పశువు చెవి కోస్తే నెత్తురు రాదు. ఈ పదకొండిటికీ మొదట్లో నెత్తురు గడ్డకట్టి ఉంది. పశువుల డాక్టరుగారు చూసి చెప్పారు. ఇవి బతికున్న గేదెల చెవులు.” జేబులోంచి కాగితాల కట్ట తీశాడు. “అన్నిటిమీదా నీ వేలిముద్ర. ఎవరన్నా వెయ్యమన్నారా?”

ఎలీసబెతు ఒకడుగు ముందుకేసింది. ఇంతకంటే మంచి ప్రశ్న ఎవరూ అడగరు. చెప్పు మావా, అనుకుంది. ఒక్క మాట చెప్పు.

అప్పుడు జకరయ్య ఆమెకి మొగుడిగా తెలిసిన మనిషిలా లేడు. అతను ఆఫీసర్ని చూడలేదు. ప్రెసిడెంటుని చూడలేదు. పన్నెండు పాకల కేసి చూశాడు. ప్రేమమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, పిల్లాడితో.

“ఎవరూ అనలేదండి. నేనే వేశాను.”

“చెవులు?”

“నేనే కోశానండి.”

“బతికుండగానా?”

“బతికుండగానే.”

“ఒరే, ఒరే!” అన్నాడు గోవర్ధనరావు చెయ్యి నుదుట పెట్టుకుని. “నిన్ను నమ్మి సంతకాలు పెట్టాను గదరా! అయ్యా, నన్నెంత మోసం చేశాడో చూడండి.”

“చూస్తున్నానండి,” అన్నాడు ఆనందరావు పొడిగా. జకరయ్య వైపు తిరిగాడు. “అయితే ఆ పదకొండు గేదెలూ ఏవి?”

ఆ ప్రశ్నకి జవాబు జకరయ్యకి ఎవరూ నేర్పలేదు. మళ్ళీ బొటనవేలు రుద్దుకున్నాడు.

“ఒకటి ఉందండి!” ఎలీసబెతు అరిచింది. తన గొంతేనా అనిపించింది ఆమెకి. “ఆయన అబద్ధం చెప్తున్నాడండి. భయపడి చెప్తున్నాడు. గేదె వచ్చింది. పొద్దున్నే వచ్చింది. చూపిస్తాను, రండి. చెవి చూడండి, పసుపు చూడండి, మెళ్ళో ఎవరి పలుపుందో చూడండి!”

ఆమె పరుగెత్తింది. ఆనందరావు వెనకే వచ్చాడు. జనం వచ్చారు. తడిక రెండు చేతులతో లాగి పక్కన పారేసింది.

మందిరం ఖాళీగా ఉంది.

కూలిన వెనక గోడ అవతల చేను, చేను అవతల కాలవగట్టు. స్తంభానికి తను కట్టిన తాడు ఉంది. మూరెడు. చివర ఏటవాలుగా, కొడవలి పెట్టి కోసినట్టు తెగి ఉంది. ప్రెసిడెంటుగారు బండి దిగి రోలు మీద అంతసేపు ఎందుకు కూచున్నాడో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆయన ముందు మాట్లాడుతూ కూచుంటే, ఆయన మనిషి గిట్టల గుర్తులు పట్టుకుని వెనకనించి వచ్చి పని చేసుకుపోయాడు. సాయంత్రం వస్తాడన్న మనిషి అప్పటికే వచ్చాడు.

“పాపం,” అన్నాడు గోవర్ధనరావు గుమ్మంలో నిలబడి. “పాడిగేదె పోయిన దగ్గర్నించీ దీనికి మతి సరిగా లేదండి. పొద్దున్నించీ ఇదే వరస. గేదె వచ్చిందంటుంది.”

ఎలీసబెతు తాడుముక్క పట్టుకుని నిలబడిపోయింది. జనం కేసి చూసింది. ప్రేమమ్మ కేసి చూసింది. పాలు తాగింది నీ మనవడే, చెప్పు, అన్నట్టు చూసింది. ప్రేమమ్మ తల దించుకుంది. ఆమెకీ ఆ దిబ్బమీదే పాక.

ఆనందరావు లోపలికి రెండడుగులు వేసి ఆగాడు. కిందకి చూశాడు. స్తంభం పక్కన పేడ. ఈగలు ఇంకా పూర్తిగా ముసరలేదు. బూటు చివరతో అంచు తాకాడు. మెత్తగా ఉంది. తల ఎత్తి గోవర్ధనరావుని చూశాడు, ఎలీసబెతుని చూశాడు. బయటికొచ్చి బంట్రోతుకి చెవులు జాడీలో సర్దమన్నాడు.

జకరయ్యని జీపెక్కించారు. బుద్ధెరిగాక జీపెక్కడం అదే మొదలు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

ఆనందరావు ఎలీసబెతు పక్కగా నడుస్తూ ఆగాడు. మాట ఆమెకి తప్ప ఎవరికీ వినపడకుండా అన్నాడు. “పదిమంది ముందు ఒప్పుకున్నాడు. నేను రాసుకోక తప్పదు. అవనిగడ్డ తీసుకెళ్తున్నాను. సాయంత్రం ఆరింటిదాకా స్టేషన్లో అప్పజెప్పను. ఆ లోపల నాకు గేదె కావాలి. పేడ చాలదు. గేదె కావాలి.”

జీపు వెళ్ళిపోయింది. జకరయ్య వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోతానని భయమేమో.

జనం ఎవరి పాకల్లోకి వాళ్ళు జారుకున్నారు. గోవర్ధనరావు బండి దగ్గరికి నడిచి, మెట్టు మీద కాలు పెట్టి, ఆమె కేసి తిరిగాడు. గొంతులో ఎంత దయో.

“పద ఎలీసమ్మా, బండెక్కు. మొగుడి వెనక నువ్వూ ఉండొద్దూ? అవనిగడ్డ దాకా నేనే దింపుతాను.”

ఇన్నేళ్ళలో ఆ బండిలో పేట మనిషి కూచోలేదు. ఎలీసబెతు ఆ ఖాళీ చోటు చూసింది. గడ్డి పరిచి మెత్తగా ఉంది. లోపల, ఆయన దుప్పటి పక్కన, కొబ్బరితాడు చుట్ట ఉంది.

ఆమె బండికి వీపు తిప్పి మందిరం వెనక చేలోకి దిగింది. ఉప్పునీళ్ళు తీసిన బురదలో గేదె గిట్టల గుర్తులు లోతుగా దిగబడి ఉన్నాయి. పక్కనే మనిషి పాదాలు. రెండూ గట్టెక్కి, కాలవ వెంట, మడఅడవి వైపు సాగాయి. పోటు వస్తే ఆ గుర్తులన్నీ నీళ్ళకింద పోతాయి. పోటు వేళ దగ్గర్లోనే ఉంది. చీర ఎత్తి దోపుకుని ఆమె నడక పెంచింది.

ఫర్లాంగు దూరం పోయిందో లేదో, వెనక ఎడ్ల మువ్వలు మోగాయి. అవనిగడ్డ రోడ్డు మీద కాదు. గట్టు మీద. ఆమె ఆగితే అవీ ఆగాయి. ఆమె నడిస్తే, మళ్ళీ.